అతుకు చీలలేదు

ట్యాంకు పగిలినప్పుడు పెద్ద శబ్దమేమీ రాలేదు. తడిగుడ్డ చింపినట్టు ఒక్క చప్పుడు, అంతే. ఆ వెంటనే ఆరువేల లీటర్ల ఉప్పునీళ్ళు, తొంభై డిగ్రీల వేడితో, కింద కూర్చుని చేపలు కోస్తున్న పద్నాలుగు మంది ఆడవాళ్ళ మీద పడ్డాయి.

ఆ నీళ్ళు కాచింది నేను. అందుకే ఈ కథ నేను చెప్పాలి.

మాది చేపల్ని డబ్బాల్లో పెట్టి సీలు వేసే కార్ఖానా. ఆడవాళ్ళు బల్లల దగ్గర కూర్చుని చేపలు కోసి డబ్బాల్లో సర్దుతారు. సరిగ్గా వాళ్ళ తలల మీద, నాలుగు ఇనుప కాళ్ళ మీద, తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు. నా బాయిలరు ఆవిరితో అందులో ఉప్పునీళ్ళు కాగుతాయి, గొట్టాల్లో దిగి డబ్బాల్లో పడతాయి. మనుషుల్ని ట్యాంకు కింద ఎందుకు కూర్చోబెట్టారని అడిగితే మేనేజరు, "గొట్టం కలిసొస్తుంది" అనేవాడు.

నేను ఆవిరి వాల్వు బిగించి పరుగెత్తాను. అప్పటికే కత్తి అక్క లోపల ఉంది. ఐసు తేవడానికి బయటికి వెళ్ళింది కాబట్టి బతికింది. నిమిషానికి పన్నెండు చేపలు కోసే మనిషి, అందుకే ఆ పేరు. నాకంటే చిన్నదే అయినా కార్ఖానా మొత్తానికీ అక్కే. ఆమె చెల్లెలు, అందరూ 'చిన్నది' అని పిలిచే పిల్ల, బల్ల కింద ఉంది. అక్క చెయ్యి పట్టుకుని లాగింది. రబ్బరు తొడుగు ఊడి వచ్చింది. తొడుగు ఒక్కటే రాలేదు.

ముగ్గురు అక్కడే పోయారు. పదకొండు మందిని చేపల ట్రేల మీద ఆసుపత్రికి మోసుకుపోయాం.

మేనేజరు వచ్చాడు. ముందు ట్యాంకు వైపు చూశాడు. తర్వాత చేపల గుట్ట వైపు చూశాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు.

"హోసు పెట్టి కడిగేయండి. సరుకు చెడిపోతోంది. రెండో హాల్లో కొత్త ట్యాంకు ఉందిగా, సోమవారం నుంచి అక్కడ మొదలెడదాం."

అక్క ఒళ్ళో చిన్నది ఉంది. ఆ మాట అక్క విన్నది. నేను అక్క మొహం చూశాను. ఏడుపు లేదు. చేపని బల్ల మీద పెట్టి ఎక్కడ కోయాలా అని చూసే చూపు అది.

*

మూడో రోజు గేటు దగ్గర కాగితం అంటించారు. 'ప్రమాదానికి కారణం వెల్డింగు లోపం. బాధ్యుడైన వెల్డరుపై ఫిర్యాదు చేయడమైనది.' కింద ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు సంతకం. ఆయన మా కార్ఖానాలో ఉన్నది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే ఉన్నాడు.

వెల్డరు అంటే మా అతుకుల మామ. ముప్పై ఏళ్ళ అనుభవం. ఆయన నడుముకి ఎప్పుడూ తాడుతో కట్టిన ఒక అయస్కాంతం వేలాడుతుండేది. "అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే స్టీలు. కోర్టూ ఇదే, జడ్జీ ఇదే" అనేవాడు. గిన్నెలు కొనడానికి వెళ్ళే ఆడవాళ్ళు ముందుగా ఆయన దగ్గరికి వచ్చి ఆ అయస్కాంతం అరువడిగేవాళ్ళు. ట్యాంకులు కట్టించే కాంట్రాక్టరు ఒకడున్నాడు. వేళ్ళకి ఉంగరాలూ పన్నుకి బంగారమూ మెరిపిస్తూ తిరుగుతాడని మేం వాడికి 'తళుకు' అని పేరు పెట్టాం. రేకులు దించినప్పుడల్లా వాడు మామ భుజం తట్టేవాడు. "చూసుకో మామా, నీకంటే పెద్ద ఆఫీసరెవరు?" అని. మామ పొంగిపోయేవాడు.

కాగితం అంటించిన సాయంత్రం అక్క కత్తి చుట్టిన గుడ్డ చంకలో పెట్టుకుని మామ ఇంటి దారి పట్టింది. నేను వెనకాలే వెళ్ళాను.

తలుపు తెరిచే ఉంది. మామ నేలమీద కూర్చుని ఉన్నాడు. ముందు పళ్ళెమంత రేకు ముక్క, పగిలిన ట్యాంకుది.

"రా అమ్మా. నీ కోసమే గడియ వెయ్యలేదు."

"చెప్పు మామా, ఏం చేశావ్?"

"అతుకు సరిగ్గా పడలేదేమో. కళ్ళు మసకలొచ్చాయి. నీకంటే ముందు ఎవరైనా వస్తారేమోనని భయపడ్డాను. కానియ్యి."

అక్క గుడ్డ విప్పింది. నేను "అక్కా" అన్నాను. ఆమె నన్ను చూడలేదు, రేకుని చూస్తోంది. కత్తి వదలకుండానే వంగి దాన్ని రెండో చేతిలోకి తీసుకుంది.

"నీ అతుకేది?"

"ఇదిగో, ఈ ఉబ్బెత్తు గీత."

"చీలిందేది?"

మామ వేలు చీలిక మీదికి పోయింది. అతుకుకి రెండు వేళ్ళ దూరంలో ఉంది అది. ఒక పెద్ద చీలిక, దానికి అటూ ఇటూ వెంట్రుకల్లా కొమ్మలు, కొమ్మలకి మళ్ళీ రెమ్మలు. రేకు లోపలి వైపు సూదిమొనల్లాంటి గుంటలు.

"ముల్లు అతుకులో లేదు మామా," అంది అక్క. "కండలో ఉంది."

"రేకు మంచిదేనమ్మా! నేనే చూశాను. ఇదిగో..." మామ అయస్కాంతం తీసి రేకు మీద పెట్టాడు. అది జారి పడింది. పడి, గింగిరాలు తిరిగి, టక్కున అక్క కత్తికి అంటుకుంది.

ముగ్గురం దాన్నే చూశాం.

"ఇది ఇనుమా?" అంది అక్క. "పదకొండేళ్ళుగా ఉప్పులో, చేప నెత్తుట్లో నానుతోంది. పని అయ్యాక కడిగి తుడవడం తప్ప ఇంకేమీ చెయ్యను. ఒక్క తుప్పు మరక చూపించు."

మామ కత్తిని అటూ ఇటూ తిప్పాడు. గోటితో గీశాడు.

"స్టీలే."

"మరి అంటుకుందేం?"

ముప్పై ఏళ్ళు ఊరందరికీ తీర్పులు చెప్పిన మనిషి, అయస్కాంతాన్ని కత్తి మీంచి లాగి మళ్ళీ పెట్టి చూశాడు.

*

మా ల్యాబులో ఒకావిడ పనిచేస్తుంది. గంటగంటకీ నీళ్ళలో ఉప్పు కొలుస్తుంది. ఏది చెప్పినా పాఠంలా చెబుతుందని ఉప్పు పంతులమ్మ అంటాం. మర్నాడు అక్కా, మామా, నేనూ క్యాంటీను వెనక చేతులు కడుక్కునే చోట ఆమెని పట్టుకున్నాం.

"నన్ను ఇందులోకి లాగకండి," అంది పంతులమ్మ. "మా ఇంట్లో ఉద్యోగం చేసేది నేనొక్కదాన్నే."

"మా ఇంట్లో ఇద్దరం చేసేవాళ్ళం," అంది అక్క. "ఇప్పుడు నేనూ ఒక్కదాన్నే."

పంతులమ్మ పంపు కట్టేసింది. కాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత మామ చేతిలోని రేకు ముక్క అందుకుంది.

"స్టీలుకి తుప్పు పట్టదని ఎవరన్నారు? దాని ఒంటి మీద కంటికి ఆనని పొర ఒకటి ఉంటుంది. అందులోని క్రోమియం వల్ల వస్తుంది. గీసుకుపోయినా గాలి తగలగానే మళ్ళీ పుడుతుంది. అదే దాన్ని కాపాడేది. ఆ పొరకి పగవాడు ఉప్పు. ఎక్కడో ఒకచోట సూది దూరేంత సందు చేసుకుంటుంది, లోపలికి తవ్వుకుపోతుంది. పైకి మాత్రం మెరుస్తూనే ఉంటుంది."

"పైన పటారం, లోన లొటారం," అన్నాను.

"అంతే. పైగా అతుకు వేసినప్పుడు పక్కన రేకు లోలోపల బిగదీసుకుపోతుంది. ఆ బిగువుకి వేడి తోడై, ఉప్పు తోడైతే ఇలా కొమ్మలు వేసుకుంటూ చీలుతుంది. మామ అతుకు బాగుంది కాబట్టే అతుకు నిలిచింది, రేకు పోయింది."

"మరి స్టీలంటే స్టీలేగా?" అన్నాడు మామ.

"ఒకటా రెండా? కత్తికి ఒక రకం, పదును నిలవాలిగా. చెంచాలకి, గిన్నెలకి, పాల క్యాన్లకి, మెట్ల పక్కన పట్టుకునే కడ్డీలకి మూడువందల నాలుగు నంబరు. ఇంట్లో దానికి తిరుగులేదు. వేడి ఉప్పుకి అది పనికిరాదు. మన ట్యాంకు ఎలా కట్టాలో గీసిన బొమ్మలో రాసింది అసలు ఇంకో రకం. డూప్లెక్సు అంటారు, జంట స్టీలు. నా ఫైల్లో నకలుంది. వేడి ఉప్పుకి అది ఆగుతుంది."

"అది ఎలా ఉంటుంది?"

"చూడ్డానికి ఇలాగే. కాకపోతే అయస్కాంతానికి అంటుకుంటుంది."

మామ పంపు గట్టు మీద కూలబడ్డాడు.

"మొదట వచ్చిన లోడు అంటుకుంది. ఇనుము తెస్తావా దొంగ వెధవా అని తళుకుని అందరి ముందూ తిట్టాను. లోడు మొత్తం వెనక్కి పంపాను. వాడు నవ్వాడు. 'మామ ఎలా అంటే అలాగే' అన్నాడు. మేనేజరు పక్కనే ఉన్నాడు. ఆయనా నవ్వాడు. వారానికి ఈ రేకు తెచ్చాడు. రెండు ట్యాంకులకీ ఇదే."

"ఆ బొమ్మ కాగితం నీకెప్పుడైనా చూపించారా?" అంది పంతులమ్మ.

"వెల్డరుకి కాగితాలెవరు చూపిస్తారమ్మా?"

కొళాయి నుంచి చుక్కలు పడుతున్నాయి. మామ తలెత్తి అక్క వైపు చూశాడు.

"నీ తప్పు నీకుంది మామా," అంది అక్క. "అది నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోకు. కానీ నీ తప్పు చూసి నవ్వుకున్నవాళ్ళున్నారే, ముందు వాళ్ళ పని."

*

ఆదివారం మధ్యాహ్నం వలలు ఆరేసే షెడ్డులో రెండు వందల మందిమి కూడాం. మామ లేచి, లోడు తాను వెనక్కి పంపిన సంగతి తన నోటితోనే చెప్పాడు. షెడ్డు భగ్గుమంది.

"కొట్టండ్రా ముసలాణ్ణి!"

"వాడి మీద చెయ్యి పడితే," అంది అక్క లేచి, "మేనేజరు ఇంట్లో స్వీట్లు పంచుతారు. మనం మనం తన్నుకుంటే వాళ్ళకి ఇంకేం కావాలి?"

అరుపులు తగ్గాయి. మూటలు మోసే ముఠాపెద్ద, "అర్జీ పెడదాం" అన్నాడు.

"ఎవరికి? రుమాలాయనకా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. చేదుగా నవ్వారు జనం.

"రేపు ఆ కొత్త ట్యాంకు కింద కూర్చోం. అంతే, తేలిపోతుంది" అంది కోత బల్లల నుంచి ఒక పిల్ల.

"నువ్వు కూర్చోకపోతే ఇంకోదాన్ని తెచ్చి కూర్చోబెడతారు," అంది అక్క. "ఆమెకీ ఒక అక్క ఉంటుంది. ట్యాంకు మంచిదని సంతకం పెట్టినవాడు, కట్టినవాడు, మన నెత్తిన ఎక్కించమన్నవాడు ముగ్గురూ రేపు పొద్దున వస్తున్నారు. ముగ్గుర్నీ బల్ల దగ్గర కూర్చోబెడదాం. పైన ట్యాంకు నింపుదాం."

"చల్లనీళ్ళతోనా?" అడిగాడు ముఠాపెద్ద.

"నా చెల్లెలి మీద పడ్డవి చల్లనీళ్ళా?"

"చస్తారక్కా!"

"చావనీ!"

ఆ మాట మీద గంటసేపు వాదన జరిగింది. సగం మంది చావనీ అన్నారు. నిజం చెప్పాలంటే సగం కంటే ఎక్కువే. ఉరికంబం మాటెత్తినవాళ్ళని పిరికివాళ్ళన్నారు. పంతులమ్మ, "వాళ్ళు చస్తే నిజం ఎవరు చెబుతారు?" అంటే, "నిజం మాకు తెలుసులే, కూర్చో" అన్నారు. నేను ఆ వారం రోజులుగా నిద్రపోలేదు. కళ్ళు మూస్తే నా వాల్వే కనపడుతోంది. లేచి, "నీళ్ళ సంగతి నాకొదిలేయండి. కాచేవాణ్ణి నేను" అన్నాను. అక్క నా వైపు చూసి తలాడించింది.

*

సోమవారం ఎనిమిదింటికి సైరను మోగింది. రెండో హాలు. కొత్త ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. కోత ఆడవాళ్ళు నలభై మంది గోడవారగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేనేజరు, తళుకు, రుమాలు ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చారు.

"ఏంటి నిలబడ్డారు? కూర్చోండి," అన్నాడు మేనేజరు.

"ముందు మీరు కూర్చోండి సార్," అంది అక్క.

"వేళాకోళమా?"

"ట్యాంకు మంచిదేగా?"

"మంచిదే. సారు సర్టిఫికెట్ ఇచ్చారు."

"మరింకేం? ఒక్క గంట కూర్చోండి. మేం నింపుతాం. గంట తర్వాత మీరు లేవండి, మేం కూర్చుంటాం. జన్మలో మళ్ళీ అడగం."

తళుకు బంగారుపన్ను చూపించి నవ్వాడు. తలుపు వైపు తిరిగాడు. మూటల ముఠా తలుపు జరిపేసింది. బయటి హాళ్ళ నుంచి వచ్చినవాళ్ళతో గోడలు నిండిపోయాయి. ఎవరూ ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యలేదు. అందరూ ఒక్కో అడుగు ముందుకు వేశారు. మళ్ళీ ఒక్క అడుగు. ఆ ముగ్గురికీ మిగిలిన చోటు బల్ల ఒక్కటే అయ్యేదాకా వేశారు.

కూర్చున్నారు.

అక్క ముగ్గురికీ ప్లాస్టిక్ ఏప్రన్లు తగిలించింది. ఒక్కొక్కరి ముందూ ఒక చేప పెట్టింది.

"ఊరికే కూర్చుంటే పొద్దుపోదు. కోయండి."

"దీనికి మీరంతా జైల్లో ఉంటారు!" అన్నాడు మేనేజరు.

"మా చిన్నది ఉన్నచోటు కంటే మంచిదే."

మామ నిచ్చెన ఎక్కి ట్యాంకు పొట్ట మీద అయస్కాంతం పెట్టాడు. వదిలాడు. అది జారి కింద పడింది. ఎందుకు పడిందో, పడకుండా ఉండాల్సిన రేకు ఏదో, పంతులమ్మ బొమ్మ కాగితం పైకెత్తి నాలుగు మాటల్లో చెప్పింది. అప్పుడు అక్క నాకు సైగ చేసింది.

నేను వాల్వు తిప్పాను.

గొట్టాలు దడదడలాడాయి. పక్క గొట్టం నుంచి ఆవిరి బుస్సుమంది. ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు ముందు డప్పులా మోగింది, తర్వాత మట్టం పెరిగేకొద్దీ బరువెక్కింది. తళుకు నవ్వు పావు ట్యాంకు దగ్గర ఆగింది. సగం దగ్గర వాడు పైకి చూడటం మొదలెట్టాడు. ఇన్‌స్పెక్టరు రుమాలు ముక్కు మీంచి నుదుటి మీదికి ఎక్కింది.

ముప్పావు. గొట్టం బిగింపు నుంచి ఒక చుక్క జారి తళుకు మెడ మీద పడింది.

వాడు వేసిన కేక సముద్రం దాకా వినపడి ఉంటుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మెడ పట్టుకుని బల్ల మీంచి దొర్లాడు.

"ఆపండి! అది ఆగదు! గిన్నెల స్టీలది, మూడువందల నాలుగు! మంచి లోడు నేను వేరేవాళ్ళకి అమ్మేశాను! మేనేజరుకి తెలుసు! ఇద్దరం అనుకునే చేశాం!"

"నోర్ముయ్!" అన్నాడు మేనేజరు.

"నాకేం సంబంధం?" అని లేచాడు ఇన్‌స్పెక్టరు. "నేనసలు ఈ ట్యాంకు చూడనే లేదు! కాగితం ఇస్తే సంతకం పెట్టాను!"

హాలు హోరెత్తింది. మేనేజరు మాత్రం మామ వైపు వేలు చూపించాడు. "ఆ లోడు వెనక్కి పంపింది వాడు! వాణ్ణి కూర్చోబెట్టండి ఇక్కడ!"

మామ నిచ్చెన దిగి వచ్చాడు. మేనేజరు పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

"కూర్చున్నాను. ఏ రేకు కావాలో రాసిన కాగితం నీ బల్ల మీద ఉంది. నాకు చదువు రాదు, అయస్కాంతమే వచ్చు. నీకు చదువొచ్చు. నువ్వెందుకు నవ్వావు?"

తళుకు అన్నదీ, ఇన్‌స్పెక్టరు అన్నదీ పంతులమ్మ ఉన్నదున్నట్టు రాసింది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. చేప జిగురు అంటిన వేళ్ళతో పెట్టారు. తలుపు తెరిచారు, ముగ్గురూ ఏప్రన్లతోనే పరుగెత్తారు.

అక్క మాత్రం కదల్లేదు. తళుకు మెడ మీద బొబ్బ లేదు. అది ఆమె చూసింది. నడుచుకుంటూ వచ్చి ట్యాంకు కింది కుళాయి విప్పి, చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"చల్లనీళ్ళు," అంది.

"అవునక్కా. ఉప్పు కూడా లేదు. పొద్దున్నుంచీ ఆవిరి పక్క గొట్టంలోకే వదిలాను."

నా చెంప ఛెళ్ళుమంది.

"నన్నూ మోసం చేశావా అన్నా?"

"చేశాను. ఒకసారి కాచి ముగ్గుర్ని చంపాను. మళ్ళీ నా చేత కాయించకు. చల్లటి చుక్కకే ఇంత కక్కారు. వేడివి పడుంటే ఎవర్ని అడిగేవాళ్ళం?"

ఆమె కుళాయి కట్టేసింది.

"నేను వాళ్ళని వదల్లేదు," అంది. "కోర్టులోనూ వదలను, రోడ్డు మీదా వదలను. వాళ్ళకి నిద్రలో కూడా నెత్తి మీద ట్యాంకు కనపడాలి." తర్వాత అందరి వైపూ తిరిగింది. "ముందు దీన్ని కిందికి దించండి."

మామ గ్రైండరు అందుకున్నాడు. ముఠా తాళ్ళు వేసింది. మధ్యాహ్నానికి ట్యాంకు నేల మీద పొర్లుతోంది. ఆడవాళ్ళు దాని మీదెక్కి నిలబడ్డారు. ముఠా కుర్రాళ్ళు జరిగిందంతా ఫోన్లలో తీరం వెంబడి మిగతా కార్ఖానాలకి చెప్పారు.

*

రెండింటికి పోలీసులు వచ్చారు. ఆ ముగ్గుర్నీ కారులో ఇళ్ళకి పంపించారు. అక్కనీ, మామనీ, నన్నూ వ్యాను ఎక్కించారు. నేరం: అధికారుల్ని నిర్బంధించడం.

స్టేషన్లో సి.ఐ. పంతులమ్మ రాసిన కాగితం ఊపుతూ నవ్వాడు. "బెదిరించి రాయించుకున్నది కోర్టులో చెల్లదు."

"రెండు వందల మంది చెవులతో విన్నారు," అంది అక్క. "వాళ్ళ దగ్గర చెల్లింది."

ఆయన ఏదో అనబోయాడు. ఫోను మోగింది. వింటూ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "కూర్చోబెట్టారా? ఎవర్ని? మేనేజర్నా? ఎక్కడ?" ఫోను పెట్టేలోపు రెండోది మోగింది. బయట కానిస్టేబుళ్ళ బూట్ల చప్పుడు. జీపులు స్టార్టు అవుతున్నాయి, ఒకటి పడమటి వైపు, ఒకటి తూర్పు వైపు. మూడోసారి ఫోను మోగితే సి.ఐ. ఎత్తలేదు.

మా వైపు తిరిగాడు. "ఆ కాంట్రాక్టరు ఈ తీరంలో ఇంకా ఎన్ని ట్యాంకులు కట్టాడే?"

"గౌరవంగా అడుగు," అంది అక్క.

ఫోను మోగుతూనే ఉంది. ఆయన చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు.

"ఎన్ని కట్టాడమ్మా?"

"పదిహేడు," అంది అక్క, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "ఇంకా మూడే కదా మోగాయి. ఫోను ఎత్తు."